నా బిళ్ల మీద దిగిన మనిషి

సమ్మక్క జాతరకు పోవద్దని మా అక్క సాయమ్మ ఒక్క మాట అంటే ఆగిపోయేవాణ్ణి. అనలేదు. పైగా ఎత్తు బంగారం మొక్కు తీర్చుకు రమ్మని తనే బెల్లం మూట కట్టి పంపింది.

రాష్ట్రాలు విడగొట్టి మూడేళ్లు దాటింది. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం వచ్చింది, మేం మాత్రం బొంబాయి రాష్ట్రంలో, చంద్రపూర్ పక్క బొగ్గుబాయిలో ఉన్నాం. ఊరిని అప్పుడు చాందా అనేవాళ్లు. మమ్మల్ని తెలంగీలు అనేవాళ్లు. ఏదైనా పోయిందంటే పోలీసులు ముందు మా లైన్లకే, మా కూలీల ఇళ్ల వరసలకే వచ్చేవాళ్లు.

బాయిలో దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలి. బిళ్ల ఇచ్చినవాడు దిగినట్టు, ఇవ్వనివాడు ఇంట్లో ఉన్నట్టు. చెప్పకుండా నాగా పెడితే పేరు కొట్టేస్తారు. జాతరకు సెలవడిగితే గుమాస్తా నవ్వుతాడు. అందుకని మా లైన్లలో ఒక పద్ధతి ఉండేది. మొక్కున్నవాడు పోతాడు, ఆ రోజు సెలవున్నవాడు అతని బిళ్ల మీద దిగుతాడు. బాయి నోట్లో అందరి ముఖాలూ నలుపే, ఎవడు పోల్చుకుంటాడు? బుధవారం వంతు మా బావ సారయ్యది.

వారం తర్వాత తిరిగొచ్చేసరికి అక్క గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి కూడా లేవలేదు.

"మీ బావను ఠాణాకు పట్కపోయిన్రు తమ్మీ. చెయ్యి ఇరగ్గొట్టి ఇడిసిన్రు."

బావ మంచం మీద ఉన్నాడు. కుడిచేతికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. బుధవారం మధ్యాహ్నం గోదాంలో రాగితీగ పోయిందట. ఠాణా జమాదారు బాపురావు బిళ్లల లెక్క తెప్పించి ఎవరెవరు ఇంట్లో ఉన్నారో చూశాడట. మిగతా లైన్లలో సెలవున్నవాళ్లు పదిమంది ఉంటే వాళ్ల గుమ్మం తొక్కలేదు. తెలుగు లైన్లలో ఆ రోజు సెలవు సారయ్య ఒక్కడికే. బాయి నుంచి ఇంటికొచ్చినవాణ్ణి ఆ రాత్రే పట్టుకుపోయి మూడు రోజులు కొట్టారు. నాలుగో రోజు తీగ ఆ గోదాంలోనే బస్తాల వెనక దొరికింది. పొమ్మన్నారు, అంతే.

"బాయిల ఉన్ననని చెప్పకపోతివా బావా?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యమనిపించింది.

"చెప్తే నీ పేరు కొట్టేద్దురు గదా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా మేస్త్రీ రాజలింగు చేత బాపురావు మీద అర్జీ రాయించాను. పైనుంచి ఒక పెద్ద పోలీసు అధికారి విచారణకు వచ్చాడు. మంచి మనిషిలాగే కనిపించాడు. నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు కూడా. మా లైన్ల వాళ్లంతా కచేరి బయట నిలబడ్డారు.

బాపురావు బెదరలేదు. "సెలవు రోజున తాగి పడ్డాడు సాబ్. నేను వెళ్లేసరికే చెయ్యి విరిగి ఉంది."

"పగలంతా ఇతను ఇంట్లో తాగుతూ ఉన్నాడంటున్నారు. కాదని చెప్పేవాళ్లున్నారా?" అన్నాడు అధికారి హిందీలో.

బావ నావైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. చూశాను. చూసి కూడా లేచాను. నా ఉద్యోగం పోతే పోనీ, ఆ బాపురావు అబద్ధం వాడి ముఖానే కొట్టాలనుకున్నాను. మూర్ఖుణ్ణి.

"ఇంట్ల లేడు సాబ్. షిఫ్టు అయ్యేదాకా బాయిలనే ఉండె. నా బిళ్ల మీద దిగిండు."

అధికారి కలం ఆపి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. బాపురావు ముఖం పాలిపోతుందని చూస్తున్నాను. వాడు మెల్లగా మీసం తుడుచుకున్నాడు.

"చెయ్యి బాగానే ఉండగా ఇతను పైకి రావడం చూసినవాళ్లెవరు?" అన్నాడు అధికారి.

కిటికీలోంచి మావాళ్ల వైపు తిరిగాను. ఆ సాయంత్రం బావతో కలిసి పైకొచ్చినవాళ్లు ముప్పైమందికి తక్కువ లేరు. కానీ వాళ్లలో ఎప్పుడో ఒకప్పుడు వేరేవాడి బిళ్ల మీద దిగనివాడు ఒక్కడూ లేడు. చూశామంటే వాళ్ల సంగతీ బయటపడుతుంది. రాజలింగు నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయన్నేమనను? ఆయనకు ఐదుగురు పిల్లలు.

అధికారి రాసింది చదివి వినిపించాడు. సారయ్య దొంగ బిళ్ల మీద బాయిలో దిగాడు. అక్కడ బొగ్గుపెళ్ల పడి చెయ్యి విరిగింది. ఆ సంగతి చెబితే కంపెనీ ఊరుకోదని భయపడి పోలీసుల మీదకు నెట్టాడు. బాయిలో ఉన్నట్టు సాక్షి: బావమరిది కనకరాజు.

"నేనట్ల చెప్పలె సాబ్" అన్నాను.

"బాయిలో ఉన్నాడని చెప్పింది నువ్వే కదా?"

"నేనే సాబ్. కానీ చెయ్యి..."

"మరింకేం. మీ రాష్ట్రం మీకిచ్చారుగా, పనికి అక్కడికే పోండి" అని కాగితం మడిచాడు.

మర్నాడు బాయిలో మా ఇద్దరి పేర్లూ కొట్టేశారు. అబద్ధం చెప్పినా ఇంత నష్టం జరిగేది కాదు. బాపురావు ఆ సాయంత్రం మా లైన్ల మీదుగానే సైకిల్ తొక్కుకుంటూ పోయాడు.

రాత్రి అక్క అన్నం కలిపి బావ ముందు పెట్టింది. ఎడమచేత్తో తినడం ఇంకా అలవాటు కాలేదు, సగం మెతుకులు కిందే పడుతున్నాయి. నేను తలెత్తలేక గోడవైపు తిరిగి కూర్చున్నాను. తిట్టు బావా, ఒక్క మాటన్నా తిట్టు అని లోపల మొత్తుకుంటున్నాను.

"రాజూ" అన్నాడు బావ. "జాతర మంచిగయ్యిందా? నిన్ను అడగనే లేదు."