తాతయ్య ఎడమ చెవి

మా ఇంట్లో గుట్టు మాటలన్నీ తాతయ్య ఎడమవైపు నిలబడి మాట్లాడుకునేవాళ్లం. తాతయ్య ఫిరంగి దళంలో పనిచేశాడు. పెళ్లయిన రెండో ఏడు యుద్ధంలో ఒక గుండు పక్కనే పేలి ఎడమ చెవి పోయింది. సెలవు మీద వచ్చి ఆ సంగతి అమ్మమ్మకు చెప్పాడట. అప్పట్నుంచీ ఆవిడ ఏదైనా చెప్పాలంటే కుడివైపు వచ్చి చెప్పేది, తిట్టాలంటే ఎడమవైపు వెళ్లి తిట్టేది. నాకు ఊహ తెలిసేసరికి అదే మా ఇంటి పద్ధతి.

అమ్మమ్మ ఆయన ఎడమ భుజం పక్కన కత్తిపీట వేసుకుని కూర్చుని కూరగాయలు తరుగుతూ కడుపులో ఉన్నదంతా వెళ్లగక్కేది. “ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చిపోతే కాపురం అయిపోతుందా? పురుడొస్తే ఎవరున్నారు నాకు?” తాతయ్య పేపరు చదువుకుంటూ ఉండేవాడు, కనురెప్ప కదిలేది కాదు. ఆవిడ పోయాక ఆ చోటు అమ్మకూ నాకూ వచ్చింది.

పదో తరగతిలో నేను లెక్కలు తప్పిన సంగతి అమ్మతో అక్కడే చెప్పి ఏడ్చాను. మర్నాడు పొద్దున తాతయ్య పుస్తకం, పెన్సిలు పట్టుకుని వచ్చి, “ఫిరంగి వాడికి లెక్క తప్పితే గుండు మనవాళ్ల నెత్తినే పడుతుంది. కూర్చో” అన్నాడు. కళ్లద్దాల దుకాణంలో ఉద్యోగానికి పిలిచినప్పుడు, తెగిన చెప్పులతో ఎలా వెళ్లనని అక్కడే గొణిగాను. సాయంత్రానికి కొత్త జోడు గుమ్మంలో ఉంది. “నాన్నకి మనసులో మాట తెలిసిపోతుందే” అని అమ్మ మురిసిపోయింది. తల్లీకూతుళ్లం అంతకు మించి ఆలోచించలేదు. మా తెలివి అలా ఏడ్చింది.

పోయిన ఏడు తాతయ్య స్నానాల గదిలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగి మంచం పట్టాడు. అమ్మకు నడుము నొప్పి, బరువు ఎత్తకూడదు. కాబట్టి అంతా నేనే. ఆయన్ని పక్కకు దొర్లించడం, తుడవడం, దుప్పట్లు మార్చడం, అదంతా అయ్యాక దుకాణానికి పరుగెత్తడం. నిద్ర చాలక అద్దాలు అరగదీసే యంత్రం ముందు రెండుసార్లు తూలాను. నాకసలే నోరు మంచిది కాదు. నాలుగు నెలలు అయ్యేసరికి ఒంట్లో ఓపికతో పాటు ఆ కాస్త మంచీ పోయింది.

ఒక సోమవారం పొద్దున మూడోసారి దుప్పటి మార్చాల్సి వచ్చింది. దుకాణానికి అప్పటికే ఆలస్యం. ఎడమవైపు వంగి దుప్పటి అంచు పరుపు కిందికి దోపుతూ అన్నాను, “ఇంకెన్నాళ్లు నాకీ శిక్ష? పోయేవాడివి పోరాదూ.”

తాతయ్య గోడవైపు చూస్తున్నాడు. ఎప్పట్లాగే కనురెప్ప కదల్లేదు.

బుధవారం నాడు, తనను సైనికుల ఆసుపత్రిలో చేర్పించమన్నాడు. అక్కడ పాత స్నేహితులు ఉంటారట, కాలక్షేపం అవుతుందట. అమ్మ ఏడ్చింది. ఆయన వినలేదు. నాకైతే ఒళ్లు మండింది. ఇంత చేస్తే మా చెయ్యి నచ్చలేదా అనుకున్నాను. అంబులెన్సు ఎక్కించేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని సామాను సర్దాను. అక్కడ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకే చూడనిచ్చేవారు, రోజూ వెళ్లి చూసి వచ్చేదాన్ని. తొమ్మిదో రోజు పొద్దున పదకొండింటికి పోయాడు. అప్పుడు నేను ఎవరికో చత్వారం అద్దాలు బిగిస్తున్నాను.

రెండు వారాల తర్వాత ఆయన దళంలో లారీ నడిపిన డ్రైవరు తాత మమ్మల్ని పలకరించడానికి వచ్చాడు. ఆసుపత్రిలో తాతయ్య పక్క మంచం ఆయనదే. అమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఏం మాట్లాడాలో తోచక నేనే అందుకున్నాను.

“మా తాతయ్యకి ఎడమ చెవి వినబడదు కదా, మీ మంచం అటువైపే ఉండేది, కబుర్లు ఎలా చెప్పుకునేవారు తాతగారూ?”

“ఎడమ చెవా? అది ఏడాది తిరక్కుండానే బాగైపోయింది కదమ్మా. డాక్టరు పరీక్ష చేసి మళ్లీ ఫిరంగి దగ్గరికే పంపాడు.”

నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు.

“మరి ఇంట్లో చెప్పలేదే?”

“చెప్పరా అని నేనూ పోరాను. మా చెల్లెమ్మ, అదే మీ అమ్మమ్మ, ఆ పక్కన చేరి బాధంతా చెప్పుకునేదటగా. ‘ఎదురుగా ఒక్క మాట అనదురా, చెవి వచ్చిందని చెబితే ఇక ఎక్కడ చెప్పుకుంటుంది’ అనేవాడు. మీ దాకా అలాగే లాక్కొచ్చాడన్నమాట, గట్టివాడు.” ఆయన ముచ్చటగా నవ్వాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడుతోంది. అమ్మ ఇప్పుడే రాకపోతే బాగుండునని అనుకున్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

“ఆసుపత్రికి ఎందుకొచ్చాడో మీతో ఏమైనా అన్నాడా?”

“అడగకుండా ఉంటానా? బంగారంలాంటి మనవరాలుండగా ఈ కొంపలో పడ్డావేంట్రా అన్నాను. ‘పిల్లకి నాలుగు నెలలుగా కంటి మీద కునుకు లేదురా, నేనిక్కడుంటే అక్కడ కాస్త పడుకుంటుంది’ అన్నాడు.”

“నా మీద కోపంగా ఉన్నాడా?”

“కోపమెందుకమ్మా? నువ్వు రోజూ వచ్చి వెళ్లగానే నన్ను అడిగేవాడు, పిల్ల మొహం తేటపడిందా అని. వాడికి చూపు ఆనదు కదా. తేటపడిందిరా అని చెప్పేవాణ్ణి. అబద్ధం కాదులే, నిజంగానే తేటపడ్డావు.”

నిజమే. ఆయన లేని ఆ తొమ్మిది రోజులూ నేను ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.