చలికి ఓర్చుకోని క్రిమి

యేసుపాదం గారు ఒళ్లో గాజు జాడీ పెట్టుకుని కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉన్నారు, జాడీలో కొవ్వొత్తి వెలుగుతోంది, మేమున్నది మా ఆసుపత్రి ల్యాబే గానీ అది ఎప్పుడో బస్సైపోయింది, మైక్రోస్కోపులు ఒక్కో సీట్లో ఒక్కోటి ఒద్దికగా కూర్చున్నాయి, బయట వరిచేల మీదుగా పిల్లల వార్డు మంచాలు వెనక్కి పోతున్నాయి, ఇదంతా నాకేమీ వింతగా అనిపించడం లేదు. ఆయన పోయి తొమ్మిదేళ్లయిందని నాకు తెలుసు. ఎదురుగా కూర్చున్న మనిషితో ఆ సంగతి ఎత్తడం మర్యాద కాదని ఊరుకుంటాను.

ఆయన మా ల్యాబులో సీనియర్ టెక్నీషియన్. నేను బంగారు పతకంతో, దానికి రెట్టింపు బరువున్న పొగరుతో డాక్టరుగా వచ్చి చేరేనాటికే ఆయనకి పాతికేళ్ల సర్వీసు.

"మూత పెట్టేస్తున్నానండి," అంటూ జాడీ మూత బిగిస్తారు. రక్తం కలిపిన ప్లేట్ల మీద చీము గానీ కఫం గానీ పూసి, జాడీలో పేర్చి, పైన కొవ్వొత్తి వెలిగించి మూత పెడితే కాసేపటికి అది తనంతట తనే ఆరిపోతుంది, ఆ మిగిలిన గాలిలోనే కొన్ని బాక్టీరియాలు హాయిగా పెరుగుతాయి, పెద్ద యంత్రాలు లేని మాలాంటి చోట్ల పద్ధతి ఇదే. కానీ ఈ కొవ్వొత్తి ఆరడం లేదు.

"ఆరదేంటండీ?" అని అడుగుతాను. బతికున్నప్పుడు ఆయన్ని ఎప్పుడైనా 'అండీ' అన్నానా అని ఆలోచిస్తాను. అన్నట్టు గుర్తులేదు.

"లోపలేమీ పెరగట్లేదు కదండీ. దానికేం తొందర," అంటారాయన.

కండక్టరు వచ్చి పక్క సీటు చూపిస్తూ "పాప పేరేంటి?" అంటాడు. అక్కడెవరూ లేరు, సీటు మీద చిన్న గుంట మాత్రం ఉంది.

"నాలుగు వందల పదిహేడు," అంటాను నేను ఠక్కున.

"బేబీరాణండి. నాలుగేళ్లు," అంటారు యేసుపాదం గారు. కండక్టరు ఆయన చెప్పిందే రాసుకుని వెళ్లిపోతాడు.

ఇరవై రెండేళ్ల కిందట బేబీరాణి ఛాతీలోంచి తీసిన చీముకి ల్యాబు వేసిన నంబరు అది. నాకు నంబరు గుర్తుంది, ఆయనకి పిల్ల గుర్తుంది. ఆ వారమే ల్యాబుకి కొత్త ఫ్రిజ్ వచ్చింది, ఆయుధ పూజ రోజు దానికి పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు, ఇక కొత్తొక వింత పాతొక రోత అన్నట్టు చేతికందిన ప్రతి సీసా అందులోకే పోయేది, మూత్రమైనా రక్తమైనా, ఇంట్లో పాలు విరక్కుండా దాచుకున్నట్టు. బేబీరాణి సీసా వచ్చిన వేళకి నేను భోజనానికి లేస్తున్నాను. దాన్నీ ఫ్రిజ్‌లో పెట్టేశాను.

"అప్పుడు మీరొకమాట అన్నారు," అంటాను.

"అన్నానండి. 'ఇది చలికి ఓర్చుకోదంటారమ్మా, బయటే ఉంచుదామండి' అన్నాను."

"నేను 'ఏ పుస్తకంలో ఉంది?' అన్నాను."

"ఆయ్. అన్నారండి."

పిల్లల ఊపిరితిత్తుల్లో చీము పట్టించే ఆ క్రిమి ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఒంట్లో ఉన్నంతసేపు ప్రాణాలు తోడేస్తుంది, బయట కాస్త చలి తగిలితే చచ్చి ఊరుకుంటుంది. చచ్చినదాన్ని మూడు రోజులు జాడీలో కూర్చోబెట్టి, స్లైడు మీదా ఏమీ తేలక, 'ఏమీ పెరగలేదు' అని సంతకం పెట్టాను. ఏమీ పెరగని చీము అంటే టీబీ అయి ఉంటుందని వార్డు డాక్టర్లు ఆ మాత్రలు మొదలుపెట్టారు. అది టీబీ కాదు. మూడో వారంలో పిల్ల చచ్చిపోయింది.

బస్సు ఒక వంతెన ఎక్కుతుంది, కింద నీళ్లకి బదులు మా పాత వరండా నల్ల గచ్చు మెరుస్తుంది. నాకు ఉన్నట్టుండి కోపం వస్తుంది.

"మళ్లీ ఎందుకు చెప్పలేదండీ? ఒక్కసారి చెప్పి ఊరుకుంటారా? నేను తిట్టినా సరే చెప్పాలి కదా?"

ఆయన జాడీ మీద బొటనవేలితో దుమ్ము తుడుస్తారు. "తిడితే చెప్పేవాణ్ణేమోనండి. మీరు తిట్టలేదమ్మా. నవ్వేరు. నలుగురూ ఉన్నారు కదండీ, వాళ్లూ నవ్వేరు."

నవ్వాను. ఆ సంగతి నేను మరిచిపోయాను, లేదా మరిచిపోయినట్టు ఇన్నాళ్లూ నన్ను నేనే నమ్మించుకున్నాను. నాకు సిగ్గేస్తుంది, ముఖం పక్కకి తిప్పుకుందామంటే అటువైపు ఆ ఖాళీ సీటుంది.

"నా తప్పూ ఉందండి," అంటారాయన. "మీరు భోజనానికి వెళ్లాక ఫ్రిజ్ తలుపు తీశాను. సీసా చేత్తో పట్టుకున్నాను కూడానండి. మళ్లీ లోపలే పెట్టేశాను. డాక్టరు గారు పెట్టింది టెక్నీషియన్ తీశాడంటే మాటొస్తుంది కదండీ."

"తిలా పాపం తలా పిడికెడు," అంటాను.

"మీ పిడికిలి కొంచెం పెద్దదండి," అంటారాయన, నవ్వకుండా.

ఎనిమిది నెలల తర్వాత ఒక పుస్తకంలో, ఆ క్రిమి చలికి బతకదన్న వాక్యం నాకు కనపడింది. అప్పటికి ఇంకెన్ని ఛాతీ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టానో లెక్క తీయలేదు, తీసే ధైర్యం లేక. ఆయన దగ్గరికి వెళ్లి 'మీరు చెప్పిందే నిజం' అనడానికి నాలుగడుగులు చాలు. నేను ఆ నాలుగడుగులు వేయకుండా గోడకి నోటీసు అంటించాను. ఛాతీ నమూనాలు ఫ్రిజ్‌లో పెట్టరాదు, నాకు చూపించకుండా ఎవరూ ముట్టరాదు, కింద నా సంతకం. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివి "బాగా రాశారండి" అన్నారు. ఆ తర్వాత పదేళ్లు ఇద్దరం ఒకే బల్ల దగ్గర పనిచేశాం, ఆ మాట ఎత్తలేదు, ఆయన రిటైరయ్యారు, పోయారు.

"మీరు చెప్పిందే నిజమండీ," అంటాను ఇప్పుడు. బస్సు మోతలో ఆయనకి వినపడిందో లేదో తెలియదు.

"పనేమీ లేదా అమ్మా మీకివాళ?" అని అడుగుతారు.

"ఉందండి. ఆరో వార్డులో లోహిత్ అని మూడేళ్ల వాడున్నాడు. ఈ మధ్యాహ్నం చీము తీస్తున్నారు. క్రిమి పేరు తేలకపోతే వీడికీ టీబీ మాత్రలేనంటున్నారు."

"మరి మీరు బస్సులో కూర్చున్నారేంటండీ?"

దిగుదామని చూస్తాను. బస్సు లేదిప్పుడు, పొడవాటి వరండా ఉంది, యేసుపాదం గారు నా కుర్చీ పక్కన నిలబడి ఉన్నారు, కుడిచెయ్యి పిడికిలి బిగించి పొట్టకి ఆనించుకున్నారు.

"చేతిలో ఏంటండీ?"

"చాలాసేపట్నుంచీ నిలబడ్డానండి," అంటారాయన.

"పిలవొచ్చు కదా."

"మీరే చూస్తారేమోనని."

ఆయన ముఖం సరిగా కనపడదు, పిడికిలొక్కటే కనపడుతుంది, దాన్ని పట్టుకుందామని చెయ్యి చాపితే మోచేయి బల్లకి కొట్టుకుని మెలకువ వచ్చింది.

రెండున్నర దాటింది. తిన్న క్యారేజీ ఇంకా కడగలేదు, బల్ల మీదే ఉంది. నా పక్కన మా టెక్నీషియన్ ఝాన్సీ నిలబడి ఉంది, నలభై దాటిన మనిషి, పన్నెండేళ్లుగా ఈ ల్యాబులో నాకంటే చక్కగా ప్లేట్లు వేసే మనిషి.

"లోహిత్ శాంపిల్ వచ్చింది మేడమ్," అంది.

"ఎంతసేపైంది?"

"అరగంట పైనే అయిందండి. మీరు పడుకున్నారు కదా, లేపడం బాగోదని... మీకు చూపించకుండా ముట్టొద్దన్నారు కదండీ."

నేను లేచి నిలబడ్డాను.

"ప్లేట్లు నువ్వే వెయ్యి, ఇప్పుడే. ఇకమీదట నా కోసం ఆగొద్దు," అన్నాను. "ఎక్కడ పెట్టావు సీసా?"

ఆమె బిగించి ఉన్న పిడికిలి విప్పింది. ఏసీ చల్లదనం తగలకుండా అంతసేపూ అరచేతిలోనే పట్టుకుని నిలబడినట్టుంది, వేలితో తాకి చూశాను, సీసా వెచ్చగా ఉంది.