బట్ట మీద తొమ్మిది పేర్లు

నది పాత వంతెన మీదుగా పారిన ఏడాది అది. నీళ్లు తీసిన వారానికి గాలివాన వచ్చి, బస్టాండు ముందు కంట్రాక్టరు నిలబెట్టిన ఇనుప హోర్డింగు కూలింది. దాని కింద ఇద్దరు చచ్చిపోయారు. దానికి కార్పొరేషన్ వాళ్లు ఏం చేశారంటే, ఊళ్లో కొట్ల బోర్డులన్నిటికీ రూలు పెట్టారు. బోర్డుకు అనుమతి ఉండాలి. అనుమతి కావాలంటే బోర్డు మిషను మీద అచ్చు వేసిందై ఉండాలి. ఆ మిషను ఒక్క కంట్రాక్టరు దగ్గరే ఉంది. హోర్డింగు కూలింది కూడా ఆ కంట్రాక్టరుదే.

చేత్తో బోర్డులు రాసి బతికే పెయింటర్లం నలభై మందిమి.

మొదట టైలరమ్మ బోర్డు పీకారు. ఎదుటి కొట్టు తలుపుకు రంగు వేస్తూ నేను చూశాను. రేకు బోర్డు, పదకొండేళ్ల కిందట నేనే రాసింది. కార్పొరేషన్ లారీలోంచి దిగిన కూలీలు గడ్డపార పెట్టి లాగితే గోడ పెచ్చులతో సహా ఊడొచ్చింది.

టైలరమ్మ చేతిలో కత్తెరతోనే బయటికొచ్చింది. "ఇది ఎవర్ని చంపిందిరా?"

"మమ్మల్నేం చెయ్యమంటావక్కా? కూలికొచ్చాం," అన్నాడు గడ్డపారవాడు. "అదిగో, సారునడుగు."

సారు లారీ దిగలేదు. "అనుమతి చూపించు," అన్నాడు కూర్చున్నచోటి నుంచే.

"నీ చొక్కానడుగు. నేను కుట్టిందే అది."

జనం నవ్వారు. వాళ్లు నవ్వుతుండగానే బోర్డు లారీలో పడింది.

ఆ సాయంత్రం రంగుల కొట్టు వెనక గదిలో అందరం కూడాం. ఒకరి మోకాళ్లు ఒకరికి తగులుతున్నాయి. ముందు పొట్టాయన లేచాడు. మా అందరిలో పనిమంతుడు.

"ఫ్లెక్సీలు బిగించడానికి కంట్రాక్టరు మనుషుల్ని తీసుకుంటున్నాడట. పోదాం. పిల్లలు గాలి తిని బతుకుతారా?"

"ఇవాళ బిగించుకుంటాడు. ఊరంతా బిగించాక నిన్నేం చేసుకుంటాడు?" అన్నాడు నా బావమరిది. వాడికి నోరెక్కువ, నాకు లేనంత.

"నీకేం, ఎన్నైనా చెప్తావు. నాకు నలుగురు."

"నాకు ఇద్దరు. అయితే మా ఇంట్లో సగమే ఆకలా?"

పొట్టాయన కూడా నవ్వాడు. ఇంకోసారి అర్జీ పెడదామని ఎవరో అన్నారు. ఇప్పటికే మూడు పెట్టాం, జవాబు లేదు.

"కాగితమైతే బీరువాలో పడేస్తారు," అన్నాడు బావమరిది. "బట్ట మీద రాసి కార్పొరేషన్ ఆఫీసు గేటుకు అడ్డంగా కడదాం. దాని కిందనుంచే లోపలికి పోవాలి ఆ కమిషనరు పెద్దమనిషి."

ముప్పై అడుగుల బట్ట తెచ్చాం. నా చదువు మూడో తరగతితో సరి. బట్ట మీద ఏం రాయాలో మిగతావాళ్లు చెప్పారు. వరస తిన్నగా రావడానికి సుద్ద దారం కొట్టి, బొగ్గుతో అక్షరాలు నేను గీశాను. బావమరిదితో కలిపి తొమ్మిదిమంది రంగు నింపారు. మా పనిలో గీసేవాడు వేరు, నింపేవాడు వేరు. నింపినవాడు కింద మూలన చిన్నగా తన పేరు వేసుకుంటాడు. ఆ పేరు చూసే కదా ఇంకో కొట్టాయన పని ఇవ్వడానికి వెతుక్కుంటూ వచ్చేది.

"మా బోర్డు ఎవరినీ చంపలేదు. మా పని మాకు వదలండి."

రాయడం అయ్యాక తొమ్మిదిమందీ వరసగా వంగి కింద మూలన పేర్లు వేశారు. ఎవరూ ఆలోచించలేదు. చేతులు వాటంతటవే పోయాయి. పక్కనే నిలబడి దీపం పట్టుకున్నాను, నాకూ తట్టలేదు. రోజూ చేసే పని తప్పులా ఎలా కనిపిస్తుంది?

మర్నాడు పొద్దున్నే కట్టాం. నలభై మందిమీ నిచ్చెనలు పట్టుకుని నిలబడ్డాం. టైలరమ్మ వెనక కొట్లవాళ్లు వందమంది దాకా వచ్చారు. కమిషనరు కారు దిగి, బట్టను ఆ చివర నుంచి ఈ చివరదాకా చదివాడు.

"అక్షరాలు బాగున్నాయి," అన్నాడు. తర్వాత గుమాస్తా వైపు తిరిగి, "కింద పేర్లున్నాయి చూడు. రాసుకో," అన్నాడు.

అప్పుడు చూసుకున్నాం మేము. బావమరిది ఆ మూల చింపేద్దామని గబగబా నిచ్చెన ఎక్కాడు. గేటు దగ్గరున్న పోలీసులు నిచ్చెన లాగేశారు. పడ్డాడు. కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. ఆ మీదట లాఠీలు లేచాయి. అందరూ పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. అది రాయకుండా దాటేయలేను.

బావమరిదిని అక్కడే పట్టుకున్నారు. మిగతా ఎనిమిదిమందిని సాయంత్రంలోగా ఇళ్లలోంచి పట్టుకుపోయారు. అనుమతి లేని బోర్డు కట్టారని ఒక కేసు, అధికారి పనికి అడ్డం వచ్చారని ఇంకో కేసు.

వాడి పెళ్లాం మా గుమ్మంలో కూర్చుంది. "మీ పేరు లేదట కదా, అన్నయ్యా."

"లేదమ్మా."

"పోనీలెండి. ఒక్కరైనా బయటున్నారు."

తిట్టినా బాగుండేది.

చీకటి పడే వేళకు పొట్టాయన వచ్చాడు. "రేపటి నుంచి పద్దెనిమిది మందిమి కంట్రాక్టరు దగ్గరికి పోతున్నాం. నువ్వూ రా. ఇక మన రాత ఎవడికి కావాలి?"

వాడన్నది అబద్ధం కాదు. నెల తిరక్కముందే ఊళ్లో చేత్తో రాసిన బోర్డు ఒక్కటీ మిగల్లేదు.

"నువ్వు పో," అన్నాను.

తెల్లారాక, కంట్రాక్టరు దగ్గరికి పోనివాళ్ల పన్నెండు తలుపులు కొట్టాను. నలుగురు వచ్చారు. స్టేషనుకు వెళ్లి, బల్ల ముందు నిలబడి చెప్పాను.

"ఆ అక్షరాలు నావి. నన్నూ రాసుకోండి."

ఇనస్పెక్టరు జాబితా చూశాడు. "నీ పేరు లేదు కదయ్యా. ఇంటికి పో."

"రంగు గీకి చూడండి. కింద బొగ్గు గీత ఉంటుంది. అది నాది."

"నీకేమైనా మతిపోయిందా? లోపల చోటు లేదు."

లోపలి గదిలోంచి బావమరిది మూలుగు వినిపిస్తోంది. చేతికి ఇంకా కట్టు కట్టించలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నలుగురూ కూర్చున్నారు. వాడి పెళ్లాం వచ్చింది. టైలరమ్మ కొట్టు మూసి వచ్చి, మమ్మల్ని జరగమని మధ్యలో కూర్చుంది. ఏడుగురం. దారినపోయేవాళ్లు చూసి పోతున్నారు, ఎవరూ ఆగడం లేదు.

ఒక కానిస్టేబులు లాఠీ పట్టుకుని బయటికొచ్చి, "లేవండి, లేవండి," అన్నాడు.

మేం లేవలేదు.