మూడు రోజుల మైల

"మొహం కాస్త నవ్వుతూ పెట్టు. సరదాగా తిరగడానికొచ్చిన జనం" అన్నాడు యుగంధర్, వంటగదిలోకి తల పెట్టి.

పడవలో వంటగది అంటే ఒక స్టవ్వు, ఒక బల్ల, అటూ ఇటూ తిరిగితే మోచేతులకు తగిలే చెక్క గోడలు. కనకదుర్గ పళ్లెంలో ఆరబోసిన అన్నంలో చింతపండు గుజ్జు కలుపుతోంది. పన్నెండుమందికి పులిహోర, వంకాయ కూర, పెరుగన్నం. పొద్దున్నే రంగత్ జెట్టీ వదిలిన పడవ మడ అడవుల మధ్య పాయలో మెల్లగా సాగుతోంది. పైన భర్త మైకులో మొసళ్ల గురించి చెబుతుంటే కాకినాడ నుంచి వచ్చిన పెద్దవాళ్లు నవ్వుతున్నారు. ఆరు రోజుల టూరులో ఇది ఐదో రోజు. మధ్యాహ్నానికి పోర్ట్‌బ్లెయిర్ చేరతారు. రేపు వండూర్ బీచ్‌లో వీడ్కోలు భోజనం. ఆ వంటా ఆమెదే.

రేపు ఆమె తల్లి పదో రోజు.

అచ్చమ్మ జంగ్లీఘాట్‌లో చేపలమ్మి కూతురికి టీచరు ట్రైనింగు చదువు చెప్పించింది. హోప్ టౌన్‌లో కొడుకు నూకన్న ఇంట్లో పోయింది. మూడో రోజు సాయంత్రం అత్తగారు ఫోను చేసి, "పెళ్లైన ఆడపిల్లకి మూడు రోజులే మైల. రేపు తలకి పోసుకుని ఇంటికొచ్చెయ్యి. నీ సంసారం నీకుంది కదా" అంది. నాలుగో రోజు కనకదుర్గ వచ్చేసింది. ఐదో రోజు పడవెక్కింది. పదకొండేళ్లుగా బడికి సెలవులిచ్చినప్పుడల్లా యుగంధర్ టూర్లకు ఆమే వండుతోంది. 'మన తెలుగింటి వంట' అని అతని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, ఎవరి వంటో ఉండదు. ఈసారి మాత్రం జీతానికి ఒక వంటవాడు కుదిరాడు. "వాడు ధోకా ఇచ్చేశాడు యార్. నీకెలాగూ సెలవుంది కదా" అన్నాడు యుగంధర్. ఆ సెలవు హెడ్మాస్టరు ఆమెకు తల్లి పోయినందుకు ఇచ్చాడు.

ఎక్కే ముందు జెట్టీ మీద ఇంకో మాట కూడా అన్నాడు. "వాళ్లకి మాత్రం చెప్పకు. పాతకాలం మనుషులు. మైల చెయ్యంటే ముద్ద ముట్టరు."

ఆ మాటను ఆమె ఐదు రోజులుగా మోస్తోంది. ఇంటికి రప్పించేటప్పుడు మైల తీరిపోయింది. వడ్డించేటప్పుడు మాత్రం దాచిపెట్టేటంత మిగిలి ఉంది. మూడో తరగతి పిల్లవాడు ఇలా ఒకే లెక్కకు రెండు జవాబులు రాస్తే పలక చేతికిచ్చి మళ్లీ చేయమనేది. భర్తను అడగలేదు. ఆమె మాట తూకం వేసి గానీ వాడని మనిషి, తూకం వేస్తూ వేస్తూనే వాడకుండా మిగిలిపోయిన మాటలు పెళ్లైనప్పటి నుంచీ చాలానే ఉన్నాయి. ఈ ఐదు రోజుల్లో ఒక్కసారీ ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒక చోటు కావాలి. ఈ వంటగదికి తలుపు లేదు. కాఫీ కావాలనో, ఉప్పు తగ్గిందనో, మాత్ర వేసుకోవాలి వేడినీళ్లిమ్మనో ఎవరో ఒకరు తొంగిచూస్తూనే ఉన్నారు. వాళ్ల తప్పేం లేదు. వాళ్లకు తెలియదు.

పొద్దున రంగత్‌లో సిగ్నల్ దొరికినప్పుడు నూకన్న ఫోను చేశాడు. "అక్కా, రేపు వత్తావా? బావేటంతన్నాడు?" చూస్తాను తమ్ముడూ అంది. యుగంధర్‌ను అడిగితే, "వాడున్నాడుగా, అన్నీ వాడు చేస్తాడు. నువ్వెళ్లి చేసేదేముంది? వండూర్ అయిపోయాక సాయంత్రం ఒకసారి కనబడొద్దాంలే" అన్నాడు.

పడవ హార్బరులోకి తిరుగుతుండగా డెక్ మీద వడ్డించింది. మహాలక్ష్మమ్మగారు రెండోసారి పులిహోర పెట్టించుకున్నారు. డెబ్బై దాటిన మనిషి. మొదటి రోజు నుంచీ కనకదుర్గను పేరుపెట్టి పిలిచింది ఆవిడొక్కతే.

"ఈ చెయ్యి ఎవరి దగ్గర నేర్చావు దుర్గా?"

"మా అమ్మ దగ్గరండి."

"అదృష్టవంతురాలివి. ఎక్కడుంటారు అమ్మగారు?"

ఆమె నోరు తెరిచేలోగా యుగంధర్ అందుకున్నాడు. "ఇక్కడేనండీ. కుడివైపు చూడండి, కొండ కింద. అదే హోప్ టౌన్. అత్తయ్య ఫస్ట్ క్లాస్ ఉంది. ఇప్పటికీ చేపల బేరం వదల్లేదంటే చూడండి!"

అందరూ నవ్వారు. తలలన్నీ కుడివైపు తిరిగాయి.

కనకదుర్గ గరిటె గిన్నెలో పెట్టింది. "మా అమ్మ చనిపోయి తొమ్మిది రోజులైందండి. రేపు పదో రోజు."

చివర కూర్చున్న ఒకాయన ప్లేటు పక్కకు జరిపాడు. ఆయన భార్య ఆ ప్లేటు వైపూ కనకదుర్గ వైపూ చూసి, తన ముద్ద తను తినేసింది.

"అయ్యో తల్లీ" అన్నారు మహాలక్ష్మమ్మగారు. "ఐదు రోజులూ మాకు వండిపెట్టావా? ఎవరు చెయ్యమన్నారమ్మా?"

యుగంధర్ ఆమెను మెట్ల దగ్గరకు లాక్కెళ్లాడు. "పాగల్ అయిపోయావా? ఇజ్జత్ తీసేశావు కదే. మైల తీరిపోయిందని మా అమ్మ చెప్పలేదా?"

"తీరిపోతే దాచమన్నారెందుకు?"

అతను గొంతు తగ్గించాడు. "సరే, చూద్దాంలే. రేపు వండూర్‌లో వీళ్లకెవరు వండుతారు, అది చెప్పు."

"నాకు తెలియదండీ."

ఆ మాట అతనితో అనడం అదే మొదటిసారి. ఇంట్లో ఏ వస్తువెక్కడుందో, ఎవరికేం కావాలో అన్నీ తెలిసి ఉండడమే ఇన్నాళ్లూ ఆమె పని.

పడవ ఒడ్డుకు ఆనగానే, గిన్నెలు కడగకుండానే సంచి భుజాన వేసుకుని కనకదుర్గ జెట్టీ మీద దిగింది. మహాలక్ష్మమ్మగారు రెయిలింగు పట్టుకుని వంగి, "వెళ్లమ్మా, మా తిండి సంగతి మేం చూసుకుంటాం" అని పైనుంచి కేకేశారు. హోప్ టౌన్ వైపు అవతలి ఒడ్డుకు ఫెర్రీ ఇంకో పది నిమిషాల్లో ఉంది. నీళ్ల మీది గాలికి చెంగు బిగించి తమ్ముడికి ఫోను చేసింది.

"బయల్దేరిపోనావా? అమ్మయ్య, బతికించావక్కా!" అన్నాడు నూకన్న. "రేపు అరవై మంది బోజనానికి. మీ మరదలొక్కత్తీ ఏటి సెయ్యగలదు? నీ సెయ్యి పడితే ఇంక బెంగ నేదు."

ఫెర్రీ వచ్చి ఆగింది. జనం ఆమెను దాటుకుంటూ ఎక్కుతున్నారు.

"వంటకి ఇంకెవరినైనా చూసుకో నూకన్నా" అంది కనకదుర్గ. "నేను ఏడవడానికి వస్తున్నాను."