భజన విన్న చేపలు

కొండలరావు ఇంటికి అక్వేరియం వచ్చిన ఆదివారం నాటికే, వచ్చే శనివారం భజన వాళ్లింట్లోనే అని ఖాయమైపోయింది. హిందీ మాట్లాడే ఆ ఉక్కు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 6లో ఉన్న తెలుగు కుటుంబాలు పది పన్నెండు కలిసి ఏళ్లుగా నడుపుకుంటున్న భజన అది. వారానికొక క్వార్టర్లో జరుగుతుంది. వంతు వచ్చినప్పుడు తన ఇల్లు నలుగురికీ బాగా కనబడాలని అందరికీ ఉంటుంది. కొండలరావుకి ఇంకాస్త ఎక్కువ ఉంటుంది.

అక్వేరియం కావాలన్నది అతని కూతురు బిందుప్రియ. పదకొండో తరగతి చదువుతోంది. హాల్లో దేవుడి పటాల పక్కన బల్ల మీద తొట్టె పెట్టి, ఇసుక పరిచి, నీళ్లు నింపి, లైటు వేసింది. ఆ తరవాత చిటికెడు మేత తీసి ఖాళీ నీళ్లలో చల్లింది.

“చేపల్లేకుండా మేతెవరికే?” అన్నాడు కొండలరావు.

“నీళ్లకి నాన్నా. ఇది కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినే క్రిములు నెమ్మదిగా పెరుగుతాయి. అవి సరిపడా పెరిగాక చేపల్ని తెద్దాం. నెల పడుతుంది.”

“నెలా? శనివారం అందరూ వత్తారు. వట్టి నీళ్లకి లైటేసి చూపిత్తామేటి?”

“చూపిద్దాం. క్యా ఫరక్ పడ్తా హై, పోయేదేముంది?”

“ముందే చేపల్నేసీస్తే ఏటవుతాది?”

“వాటి మురికి వాటికే విషమవుతుంది. అమ్మోనియా సంగతి నీకు నేను చెప్పాలా?”

నిజమే, చెప్పక్కర్లేదు. పాతికేళ్లుగా అతను ఉక్కు ఫ్యాక్టరీలో, బొగ్గుని కోక్‌గా మార్చే ఓవెన్ల దగ్గర పనిచేస్తున్నాడు. ఏ పైపు జాయింటు దగ్గరో అమ్మోనియా కాస్త లీకైతే చాలు, కళ్లు మండి, గొంతు పట్టేసి, తువ్వాలు అడ్డం పెట్టుకుని పరుగెత్తిన రోజులు అతనికి తెలుసు.

అయినా మంగళవారం పొద్దుటి షిఫ్టు దిగి తిన్నగా సుపేలా బజారుకి వెళ్లాడు. చేపల దుకాణంవాడు నెల మాట విని నవ్వాడు. “అంత ఎవరు ఆగుతారు భయ్యా? ముందు ఆరు గప్పీ చేపలు వేసెయ్యండి. నీళ్లని అవే తయారు చేస్తాయి. పోతే పోతాయి, తరవాత మంచివి తీసుకెళ్దురు గాని,” అన్నాడు హిందీలో.

పోతే పోతాయి అన్న మాట దారి పొడుగునా కొండలరావుని గుచ్చుతూనే ఉంది. అది కార్తీక మాసం. ఆ నెలంతా ఇంట్లో గుడ్డు కూడా వండరు. తింటున్నానా ఏమిటి, ఇల్లిస్తున్నాను కదా అని తనకు తానే చెప్పుకున్నాడు. కొత్తగా కట్టిన ఓవెన్ల వరసలో మొదటి రోజే బొగ్గు పోస్తామంటే నవ్వే మనిషి అతను. ఇటుక పగలకుండా రోజుకి కాస్త చొప్పున నెలల తరబడి వేడెక్కించడం అతను దగ్గరుండి చూశాడు. ఇటుకకి ఇచ్చిన గడువు ప్రాణికి ఎందుకు ఇవ్వలేదని ఆ రోజు అతనికి తోచలేదు. తోచనివ్వలేదేమో.

బిందుప్రియ బడి నుంచి వచ్చి తొట్టెలో చేపల్ని చూసింది. గొడవ పడలేదు. బకెట్లతో నీళ్లు పట్టి, క్లోరిన్ పోయేలా రెండు రోజులు ఉంచి మారుస్తూ వచ్చింది. వాళ్లమ్మ రజనీకుమారి మాత్రం, “దానిష్టప్రకారం ఉంచితే మీ సొమ్మేటి పోయింది?” అని ఒకసారి అని ఊరుకుంది.

శనివారం మధ్యాహ్నం ట్యూషన్‌కి వెళ్తూ బిందుప్రియ అతన్ని తొట్టె దగ్గరికి పిలిచింది. “పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి చూడు. ఊపిరాడట్లేదు నాన్నా. ఆ రెండు బకెట్ల నీళ్లూ మార్చెయ్. మర్చిపోకు.”

“అలాగేలే,” అన్నాడు.

అతను మర్చిపోలేదు. అప్పటికే హాల్లో జంపకానాలు పరిచేశాడు. నీళ్లు మారిస్తే తడుస్తాయి. భజన అయ్యాక మార్చవచ్చనుకున్నాడు.

సాయంత్రం జనం వచ్చారు. హార్మోనియం ముందు గణపతిరావు కూర్చున్నాడు. భజన గుంపుకి పెద్ద ఆయనే. రెండో పాట నడుస్తుండగా, మోకాళ్ల నొప్పులతో గోడకి చేరబడి కూర్చున్న పైడితల్లి తొట్టె వైపు చూసి చేయి ఊపింది. ఆరు చేపలూ నీటి పైకి చేరి, ఒకే తీరున నోళ్లు తెరిచి మూస్తున్నాయి.

“ఏటి బాబూ ఇది? నామం సెప్తన్నాయేటి?”

పాట ఆగింది. అందరూ అటే చూశారు. తరవాత అతని వైపు చూశారు. కొండలరావు నోటి నుంచి మాట దానంతటదే వచ్చేసింది.

“అవునమ్మా. భజనంటే పైకొచ్చీస్తాయి. వింటాయి.”

గుమ్మంలో బిందుప్రియ నిలబడి ఉంది, సంచీ ఇంకా భుజాన్నే ఉంది. అతను తల తిప్పేసుకున్నాడు. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. పైడితల్లి కష్టం మీద లేచి, హారతి పళ్లెం తెచ్చి తొట్టెకి కూడా తిప్పి కళ్లకద్దుకుంది. ప్రసాదం రవ్వ నాలుగు పలుకులు నీళ్లలో వేసింది. వద్దనడానికి అతనికి నోరు రాలేదు.

జనం వెళ్లగానే తండ్రీ కూతుళ్లు ఇద్దరూ నీళ్లు మార్చారు. పొద్దుటికి నాలుగు తేలాయి. సోమవారానికి మిగిలిన రెండూ పోయాయి. కొండలరావు పూజకి కూర్చుంటే శ్లోకం సగంలో ఆగిపోతోంది. తెలియక చేసినదానికి క్షమాపణ ఉంటుందంటారు. తెలిసి చేసి, దాని మీద దేవుడి పేరు కప్పినదానికి ఉంటుందా అని అతను పటాల వంక చూసి అడిగాడు. అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

బుధవారం గణపతిరావు ఫోన్ చేశాడు. “కొండలూ, ఈ వారం కూడా మీ ఇంట్లోనే పెట్టీద్దాం. వీడియో చూసి సెక్టర్ 4 వాళ్లు కూడా వత్తామంటన్నారు. మీ చేపలు పేరు తెచ్చీసాయిరా బాబూ.”

వద్దని చెప్పలేకపోయాడు. మర్నాడు సుపేలా దుకాణం ముందు నిలబడ్డాడు. అదే రంగు గప్పీలు గుంపుగా తిరుగుతున్నాయి. “ఆరేనా భయ్యా?” అంటూ దుకాణంవాడు వల ముంచాడు. ఆరు చేపలు పైకి లేచి, తడి వలలో ఎగిరిపడ్డాయి. ఎవరికీ తేడా తెలియదు. ఒక్క బిందుప్రియకి తెలుస్తుంది, ఆమె ఎవరితోనూ అనదు. అనదనే తాను ఇక్కడిదాకా వచ్చాడని కొండలరావుకి అర్థమైంది.

“వద్దు. వదిలెయ్,” అని వచ్చేశాడు.

శనివారం హాలు నిండిపోయింది. పైడితల్లి ఈసారి తొట్టె పక్కనే చోటు చేసుకుంది. లోపల నీళ్లూ ఇసుకా తప్ప ఏమీ లేవు.

“ఏవి బాబూ?”

కొండలరావు లేచి నిలబడ్డాడు.

“సచ్చిపోనాయమ్మా.”

“అయ్యో,” అన్నారు ఎవరో. గణపతిరావు వెంటనే అందుకున్నాడు. “కార్తీక మాసం. నామం వింటూ పోనాయి. ఇంక జన్మెత్తవు. అదృష్టమంటే వాటిదేరా.”

చాలామంది తలలూపారు. ఆ మాట పట్టుకుని కూర్చుండిపోవచ్చు. కొండలరావు కూర్చోలేదు.

“అది కాదన్నా. నామం విన్లేదు. ఊపిరాడక పైకొచ్చినాయి. నీళ్లు మార్చమని పిల్ల మధ్యాన్నమే సెప్పింది. జంపకానాలు తడుస్తాయని మార్చలేదు. ఆ రోజు మీరందరూ చూస్తంటే నాకది తెలుసు. తెలిసే అబద్ధం సెప్పాను.”

సెక్టర్ 4 నుంచి వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గణపతిరావు హార్మోనియం మీద చేయి వేసి, మళ్లీ తీసేశాడు. వంటింటి గుమ్మంలో బిందుప్రియ తల వంచుకుంది. తాను చేసినదానికి ఆమె కూడా సిగ్గుపడుతోందని అతనికి తెలిసింది.

పైడితల్లి ఖాళీ తొట్టె వైపు తిరిగింది.

“నాను హారతిచ్చినాను కదరా,” అంది మెల్లిగా. “గింజుకుంటన్నవాటి మొహం మీద కర్పూరం తిప్పినాను. ప్రసాదం కూడా పడేసినాను. అప్పుడొక్క మాట సెప్పీసుంటే, ఈ మోకాళ్లతోనే ఆ రెండు బకెట్లూ నానే మోసీదాన్ని కదా.”

ఎవరో దగ్గారు. గణపతిరావు చిన్న గొంతుతో మొదటి పాట ఎత్తుకున్నాడు. ఒక్కొక్కరే అందుకున్నారు. పైడితల్లి పెదవులు కదపలేదు. కొండలరావు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు గాని, పాట అయ్యేదాకా వాటిని ఒకదానికొకటి తగలనివ్వలేకపోయాడు.