గచ్చు మీద చెక్క

నేలకు చెమట పట్టింది.

కీలుంగ్ రేవులో వసంతం అంటే ఇంతే. సముద్రం మీంచి వెచ్చని గాలి వస్తుంది — చల్లని మొజాయిక్ గచ్చు మీద వాలి నీరైపోతుంది. గోడలు తడి. అద్దాలు తడి. నిన్న ఆరేసిన చొక్కాలూ తడే.

ఈ గచ్చు వేసింది తాపీమేస్త్రీ థియెన్‌లాయ్. భార్య సూలాన్ కాపురానికి వచ్చేలోగా, తన చేత్తో. తెల్లరాయి, నల్లరాయి, అక్కడక్కడ పచ్చరాయి... ఏరి, పోసి, మోకాళ్ళ మీద కూర్చుని పాలిష్ పట్టాడు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళకు వేసినా ఇంత నునుపు ఇంకెక్కడా రాలేదు.

ఆ నునుపంటే అతనికి ప్రాణం.

ఆ నునుపు మీదే పోయిన వసంతంలో సూలాన్ జారిపడింది. తుంటి ఎముక విరిగింది.

ఎముక అతికింది. భయం మాత్రం పోలేదు. నడవగలదు — నడవదు. వంటింటి గుమ్మం పక్కన కుర్చీ, ఆ కుర్చీలో ఆమె.

అతను తడి తుడుస్తాడు. మళ్ళీ తడి. మళ్ళీ తుడుస్తాడు. మళ్ళీ...

చివరికి తనే వడ్రంగి అ-హాంగ్‌ను పిలిచాడు. గచ్చు మీద తేమ ఆపే పొర. పొర మీద ప్లైవుడ్. దానిమీద అసలైన చెక్క పలకలు.

పని మొదలుపెట్టే రోజు నేలదేవుడికి నారింజపళ్ళు పెట్టారు, అగరొత్తులు వెలిగించారు. సుత్తికి ఎర్రగుడ్డ కట్టారు. మొదటి దెబ్బ ఇంటి యజమానిది. అది పడందే ఏ మేస్త్రీ పనిముట్టు ముట్టడు.

"గచ్చులోకి మేకులొద్దురా, జిగురుతో అతికించెయ్," అన్నాడు థియెన్‌లాయ్.

"ఈ ఊరి గాలికి జిగురా పెదనాన్నా? రెండు వసంతాలకి పలక లేస్తుంది. అది పెద్దమ్మ కాలికి తగిలితే?"

థియెన్‌లాయ్ గచ్చు మీద కూర్చున్నాడు. మేకు నిలబెట్టాడు. సుత్తి ఎత్తాడు.

దించాడు.

మళ్ళీ ఎత్తాడు...

"ముసలి కోతీ, మేకు కొట్టమంటే తపస్సు చేస్తున్నావేంటి?" అంది కుర్చీలోంచి సూలాన్.

"కొడుతున్నాగా!"

"నీవల్ల కాదులే. ఇటియ్యి, నేను కొడతా."

లేచింది. నిజంగానే లేచింది. కుర్చీ చెయ్యి వదిలి — చెమట పట్టిన గచ్చు మీద — ఒక అడుగు వేసింది.

అతను సుత్తి వెనక్కి లాక్కున్నాడు.

"ఆగవే! జారతావ్! అక్కడే ఉండు!"

కొట్టాడు. ఒకటి, రెండు, మూడు.

గచ్చు పగిలింది. గోరంత పచ్చరాయి ఎగిరి అతని ఒడిలో పడింది.

సూలాన్ ఆ పగులు వంక చూసింది. మెల్లగా వెనక్కి జరిగి కూర్చుంది.

"నా తుంటి విరిగింది. నీ గచ్చు పగిలింది. చెల్లుకు చెల్లు, పో."

అతనికి నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. అ-హాంగ్ తల తిప్పుకుని పలకలు సర్దుకున్నాడు.

తర్వాత ఇంట్లో కొన్నాళ్ళు సుత్తి చప్పుడు. కొత్త చెక్క వాసన. నేల ఎత్తు పెరిగింది, తలుపులు పట్టేశాయి — వాటి అడుగులు చిత్రిక పట్టాల్సి వచ్చింది. గచ్చు చివరి మూల కనుమరుగవుతుంటే థియెన్‌లాయ్ బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

మళ్ళీ సముద్రపు గాలి వచ్చిన ఉదయం... అద్దాలకు చెమట. గోడలకు చెమట.

అతను మోకాళ్ళ మీద పాకుతూ గోడనుంచి గోడదాకా చెక్కను అరచేత్తో తడిమి చూశాడు. పొడిగా ఉంది. లేచి ఆమెకు చెయ్యి అందించాడు.

"రా. జారదు."

తన గచ్చు గురించి ఆ మాట ఎన్నడూ అనలేకపోయాడు.

సూలాన్ ఒక కాలి చెప్పు వదిలింది. వేళ్ళు ఆనించింది... మడమ ఆనించింది.

"వెచ్చగా ఉందే," అంది.

రెండో కాలు ఇంకా చెప్పులోనే ఉంది.