నలభై ఒకటో వరుస

మూడోసారి కూడా డబ్బాలు అక్కడికే వచ్చి ఆగిపోయాయి.

మోత్కూర్‌లో పిల్లలకు టీకాలు వేయించే సంఘం ఒకటుంది. ఆ సంఘం కంప్యూటర్లో పేర్ల పట్టిక ఉంది. ప్రతి పేరు పక్కన ఒక చిన్న డబ్బా పెట్టాలి, మౌసుతో నొక్కితే అందులో టిక్కు పడాలి, అడుగున లెక్క దానంతటదే మారాలి. అందుకే నల్లగొండ నుంచి మెహమూద్‌ను పిలిపించారు. చేత్తో ఒక్కొక్కటీ పెడితే రోజంతా పడుతుందని అతను ప్రోగ్రాం రాశాడు. నడిపించగానే డబ్బాలు చీమల బారులా పేర్ల వెంట దిగుతాయి. నలభై పేర్లు దాటి టక్కున నిలబడిపోతాయి.

కింద ఇంకా ఇరవై ముగ్గురు పిల్లలున్నారు. వాళ్ల వాడలో అప్పుడే తట్టు మొదలైంది. శనివారం నర్సు ఎన్ని డబ్బాలుంటే అన్ని టీకాలే తెస్తుంది.

ఆ పేర్లన్నీ కొట్టింది సంఘంలో పనిచేసే అండాలు. ఏడో తరగతిలో బడి మానిపించారు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ ఇక్కడే నేర్చుకుంది. నలభై ఒకటో వరుసలో తండ్రి పేరు ఎల్లేశం, వయసు పది నెలలు. పిల్ల పేరుండాల్సిన గడి ఖాళీ. ఆ పిల్ల ఆమె బిడ్డే.

"ఖాళీ గడి రాంగనే ఆగుమని రాసిన అక్కా, గందుకే ఆగుతాంది. గీ పిల్లకు పేరు లేదా?" అన్నాడు మెహమూద్.

ఇంకా పెట్టలేదంది అండాలు. ఎందుకో చెప్పలేదు. మొదటి బిడ్డ నలభై రోజులకే పోయింది. రెండోదాన్ని చావు కన్ను పడకుండా చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచి, పక్కింటామె ఎత్తుకున్నాక, గుప్పెడు నూకలిచ్చి ఆమె దగ్గర అడుక్కుని తెచ్చుకున్నారు. అట్లా తెచ్చుకున్న పిల్లకు పెట్టే పేరే పెట్టారు. అయినా పది నెలలకు తట్టు వచ్చి తీసుకుపోయింది. అందుకే మూడోది పుట్టగానే అత్త సత్తమ్మ తేల్చేసింది.

"పేరు పెడితే పిలుస్తరు. పిలిస్తే ఇనేటోళ్లు ఇంటరు. యాడాది దాటనీ."

అండాలు మనసులో మాత్రం ఒక పేరుంది. మొగుడికి కూడా చెప్పలేదు, ఒంటరిగా ఉన్నప్పుడైనా నోట్లోంచి రానివ్వలేదు.

ఖాళీ గడిలో అడ్డగీత కొడితే సరిపోదా అని ఆమె అడిగింది. డబ్బా అయితే వస్తుంది గానీ, పేరు లేకుండా నర్సు సూది వెయ్యదని మెహమూద్ అన్నాడు. అండాలు చాయ్ తెస్తానని లేచి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి డబ్బాలు అరవై నాలుగూ చివరిదాకా దిగి ఉన్నాయి. ఏదో ఒక పేరు వేశానని, తర్వాత మార్చుకోమని మెహమూద్ అన్నాడు. పనిచేస్తుందో లేదో చూడటానికి ఒక డబ్బాలో టిక్కు కూడా పెట్టాడట.

అండాలు తెర మీదకు వంగింది. నలభై ఒకటో వరుస. తండ్రి ఎల్లేశం. వయసు పది నెలలు. పేరు బిక్షమ్మ.

అరవై నలుగురిలో టిక్కు పడింది ఆ ఒక్కదానికే. అడుగున లెక్క ఒకటి అని చూపిస్తోంది.

ఆమె చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఎవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదు, ఊళ్లల్లో శానా మందికి ఉండే పేరే కదా అన్నాడతను. తుడిచెయ్యమంది.

"తుడిస్తె ఫైలు తెరిచినప్పుడల్లా ఆడనే ఆగుతది. కిందోళ్లకు డబ్బాలు రావు. పేరన్న చెప్పు అక్కా."

శనివారం నర్సు గడప ముందు నిలబడి, చనిపోయిన రెండో బిడ్డ పేరు పిలుస్తుంది. బతికున్న బిడ్డను ఎత్తుకుని తాను ముందుకెళ్లాలి. ఆ పేరు మీద సూది పడాలి.

అండాలు కీబోర్డును తన వైపు లాక్కుంది. పాత అక్షరాలు ఒక్కొక్కటీ చెరిపింది, మనసులో దాచుకున్న పేరు ఒక్కొక్క అక్షరమే కొట్టింది.

"సుగుణమ్మ," మెహమూద్ పైకి చదివాడు. "మంచిగున్నది."

అండాలు తలుపు వైపు చూసింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో వాకిలి ఖాళీగా ఉంది.

లేచి ఇంటికి నడిచింది. బిడ్డ అరుగు మీద అటు తిరిగి కూర్చుని చెంచాతో రాయి మీద కొడుతోంది. సత్తమ్మ పెరట్లో ఉంది. అండాలు వాకిట్లోనే నిలబడి, తనకే వినపడీ వినపడనంత మెల్లగా ఆ పేరు పలికింది.

చెంచా ఆగింది. పిల్ల వెనక్కి తిరిగి నవ్వింది, ఎవరో రోజూ అదే పేరుతో పిలుస్తున్నట్టు.